5.56 మేలా, 7.62 మేలా? పెదనాన్న ఇచ్చిన హోంవర్కు

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెదనాన్నతో వాదన పెట్టుకున్నాను. ఆయన ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. సైనికుల ఊరుగా పేరున్న 'మిలిటరీ మాధవరం' మాకు దగ్గరే కాబట్టి మా వైపు ఇలాంటి పెదనాన్నలు చాలామందే ఉంటారు. నేనేమో ఎన్‌సీసీ కేడెట్‌ని. పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 మీటర్ల టార్గెట్ మీద నాలుగు చిల్లులు దగ్గరదగ్గరగా పడితే వారం రోజులు మురిసిపోయే బాపతు.

టీవీలో ఆర్మీ కొత్త రైఫిళ్ల గురించి ఏదో వస్తోంది. "ఇన్సాస్ 5.56 పోయి 7.62 వస్తోంది, మంచిదే కదా పెదనాన్నా! బుల్లెట్ శక్తి రెండింతలు" అన్నాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, లెక్క కట్టు. ఆ రెండో ఇంత ఎవడు మోస్తాడో అది కూడా రాయి" అన్నారు. ఈ వ్యాసం ఆ హోంవర్కే.

ముందు పేర్ల సంగతి

క్యాలిబర్ అంటే ఉజ్జాయింపుగా గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. కానీ ఆ ఒక్క అంకె చాలదు. 7.62×51 అంటే రెండో అంకె కేసు పొడవు, అంటే మందు నింపే ఇత్తడి గొట్టం పొడవు. ఏకే కుటుంబంలోని రైఫిళ్లు చాలావాటిలో వాడేది 7.62×39. మొదటి అంకె ఒకటే అయినా రెండూ వేరే రౌండ్లు, ఒకదాని బదులు ఇంకోటి వాడలేం. అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203 ది ఈ 39. 2019లో మన సైన్యాల కోసం 72,400 కొన్న సిగ్ 716 ది 51. వార్తల్లో రెంటినీ '7.62' అనేస్తారు, మనం కలిపేసుకుంటాం. నేను ఇక్కడ పోల్చేది 5.56×45, 7.62×51 మాత్రమే.

పెదనాన్న మోసింది ఎస్ఎల్ఆర్. పేరులోనే ఉంది, సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే రౌండు పేలుతుంది, తర్వాతిది దానంతటదే ఛాంబర్‌లోకి వస్తుంది. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటారు. దాని రౌండు 7.62×51. తర్వాత 1990ల్లో ఇన్సాస్‌తో మనం 5.56కి వచ్చాం, 2019లో సిగ్ 716తో కొంతమేర మళ్లీ 7.62×51కి వెళ్లాం. అంటే ఈ ప్రశ్నకి మన దేశమే రెండు జవాబులూ ఇచ్చింది!

శక్తి లెక్క

మామూలు సైనిక రౌండ్లు తీసుకుందాం. 7.62 బుల్లెట్ సుమారు 9.5 గ్రాములు, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 840 మీటర్ల దాకా. 5.56 బుల్లెట్ సుమారు 4 గ్రాములు, వేగం 920 దాకా. గతిజశక్తి కడితే మొదటిదానికి 3,350 జౌళ్లు, రెండోదానికి 1,690. నా 'రెండింతలు' కరెక్టే. ఇక్కడే ఆపేసి ఉంటే గెలిచేవాణ్ణి.

భుజం లెక్క

రైఫిల్ వెనక్కి తన్నేది శక్తి సూత్రంతో కాదు, ద్రవ్యవేగ నిత్యత్వంతో. ముందుకి ఎంత ద్రవ్యవేగం పోతే వెనక్కి అంత. ముందుకి పోయేది బుల్లెట్ ఒక్కటే కాదు, కాలిన మందు వాయువు కూడా. 7.62లో మందు 3 గ్రాముల దాకా, 5.56లో 1.7 దాకా. వాయువు వేగం 1,200 అనుకుందాం. మొత్తం ద్రవ్యవేగం 7.62కి 11.6, 5.56కి 5.7. ఇక్కడా రెండింతలే. కానీ భుజానికి తగిలే శక్తి ద్రవ్యవేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 4.5 కిలోల 7.62 రైఫిల్‌కి అది సుమారు 15 జౌళ్లు, 4.2 కిలోల 5.56 రైఫిల్‌కి సుమారు 4.

చూశారా? టార్గెట్‌కి రెండింతలు ఇవ్వాలంటే భుజం దాదాపు నాలుగింతలు తినాలి. సెమీ ఆటోమేటిక్‌లో అసలు సమస్య ఇదే. రౌండు దానంతటదే లోడవుతుంది కానీ గురి దానంతటదే వెనక్కి రాదు. తన్నుకి పైకి లేచిన గొట్టాన్ని మళ్లీ టార్గెట్ మీదకి తెచ్చేది మనిషే. తన్ను తక్కువైతే రెండో గురి త్వరగా కుదురుతుంది, కొత్తవాడికి భయమూ త్వరగా పోతుంది.

నడుం లెక్క

7.62 రౌండు ఒక్కోటి సుమారు 24 గ్రాములు, 5.56 అయితే 12. వంద రౌండ్లకి 2.4 కిలోలు, 1.2 కిలోలు. తేడా 1.2 కిలోలు, అంటే లీటరు నీళ్లకంటే ఎక్కువ. అదే బరువులో 5.56 రెండింతల రౌండ్లు వస్తాయి. పెద్ద రౌండుకి పొడవైన మెకానిజం, పెద్ద మ్యాగజైన్ కావాలి. అందుకే 7.62 మ్యాగజైన్‌లో మామూలుగా 20 పడితే, 5.56 రైఫిళ్లలో చాలావాటికి 30 పడతాయి.

దూరం లెక్క

మరి 7.62ని ఎవరైనా ఎందుకు కోరుకోవాలి? గాలి వల్ల. బుల్లెట్ బరువుని వ్యాసం వర్గంతో భాగిస్తే, గాలిని చీల్చుకుంటూ వేగం ఎంత నిలుపుకుంటుందో ఒక అంచనా వస్తుంది. ఇది 7.62కి సుమారు 25 శాతం ఎక్కువ. బయల్దేరినప్పుడు 5.56 వేగంగా ఉన్నా దూరం పోయేకొద్దీ ఆ ఆధిక్యం కరిగిపోతుంది. 500 మీటర్ల దగ్గర 7.62లో మిగిలిన శక్తి, 5.56లో మిగిలినదానికి రెండింతలకు మించే ఉంటుంది. పక్కగాలికి అది తక్కువ జరుగుతుంది. గోడనో, మందమైన చెక్కనో దాటాల్సి వచ్చినా బరువైనదే నయం.

చరిత్ర కూడా ఈ రెండు లెక్కల మధ్యే ఊగింది. 7.62×51ని నాటో 1950ల్లో ప్రామాణికం చేసింది. పదాతిదళ పోరాటాలు ఎక్కువగా 300 మీటర్ల లోపే జరుగుతున్నాయని రెండో ప్రపంచ యుద్ధం అనుభవం చెప్పింది. దాంతో తేలిక రౌండు వాదన బలపడింది. ఆర్మాలైట్ తన 7.62 రైఫిల్ ఏఆర్-10ని కుదించి ఏఆర్-15 చేసింది, అదే ఎం16 అయి వియత్నాం వెళ్లింది. 1980లో నాటో 5.56నీ ప్రామాణికం చేసింది. 2022లో అమెరికా సైన్యం మళ్లీ మనసు మార్చుకుని 6.8×51 రైఫిల్‌ని ఎంచుకుంది.

'5.56 శత్రువుని గాయపరుస్తుంది, అతన్ని మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు, అందుకే పెట్టారు' అనే మాట మీరూ వినుంటారు. పైన లెక్కలు చూశాక నాకు అది తర్వాత అతికించిన కథలాగే అనిపిస్తోంది. బరువు, అదుపు అనే రెండు కారణాలే చాలు.

మరి ఏది?

ఇళ్లు, అడవి, దగ్గరి దూరాలు, ఎక్కువ రౌండ్లు, కొత్త సిపాయిలు అయితే 5.56. కొండ మీంచి ఎదుటి కొండకి, విశాలమైన మైదానం, తక్కువ రౌండ్లు, బాగా శిక్షణ ఉన్న చెయ్యి అయితే 7.62. సిగ్ 716లు ముందుగా సరిహద్దు దళాలకి వెళ్లడంలో అర్థం ఉంది. ఇదంతా సైన్యం లెక్క అని గుర్తుంచుకోండి. మన దేశంలో ఇవి నిషిద్ధ బోర్‌లు, మామూలు పౌరులకి లైసెన్సు దొరికే సరుకు కాదు.

హాస్టల్‌కి వచ్చాక ఇదంతా ఫోన్లో పెదనాన్నకి చదివి వినిపించాను. లీటరు నీళ్లు అన్న చోట ఆపారు.

"అదొక్కటీ సరిగ్గా రాశావురా. ఒకసారి కొండెక్కేటప్పుడు నేను నీళ్లు తగ్గించుకుని రౌండ్లు పెట్టుకున్నాను. పైకెళ్లాక ఒక్క రౌండు కూడా కాల్చలేదు. దాహంతో మాత్రం చచ్చిపోయాననుకో."

"అయితే మీ ఓటు 5.56కా పెదనాన్నా?"

"కాదురా. ఎదుటి కొండ మీంచి వాడు కాల్చి ఉంటే, నా దగ్గర ఎస్ఎల్ఆరే ఉండాలనుకునేవాణ్ణి."

నా లెక్కలో లేని వరుస అదే. డిజైన్ చేసేవాడికి సగటు దూరం తెలుసు. మోసేవాడికి ఈ రోజు దూరం ఎంతో తెలీదు. రేపు మనలో ఎవరైనా ఏ రక్షణ సంస్థలోనో డ్రాయింగ్ ముందు కూర్చుంటే, బరువు గడిలో అంకె వేసేముందు ఆ నీళ్ల బాటిల్ గుర్తు తెచ్చుకోండి.