మధుమేహ రోగికి నిత్య వ్యాయామం – మన ప్రాంతం వారికి కొన్ని సూచనలు

"సారూ, పొద్దుగాల లేచినకాడికెళ్ళి పండుకునేదాకా పనే గద, మళ్ళ ఈ ఎక్సర్‌సైజు ఏంది?"

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ నా వద్దకు వచ్చే మధుమేహ రోగులలో, ముఖ్యంగా గృహిణులలో, ఈ ప్రశ్న అడగనివారు అరుదు. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే రోటి స్థానంలో మిక్సీ, చేదబావి స్థానంలో కుళాయి వచ్చిన తరువాత ఇంటి పనిలో మిగిలినది అలసటే గానీ వ్యాయామం కాదు. పొయ్యి ముందు గంటసేపు నిలబడితే కాళ్ళు గుంజుతాయి. కానీ ఊపిరి వేగం పెరగదు, తొడలలోని పెద్ద కండరాలకు పని పడదు. రక్తంలోని చక్కెరను అధికంగా వినియోగించుకొనేవి ఆ కండరాలే. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరను తనలోనికి తీసుకోగలదు. ఇన్సులిన్ ఉండీ సరిగా పని చేయని మధుమేహంలో వ్యాయామానికి ఔషధంతో సమానమైన స్థానం లభించడానికి కారణం ఇదే.

ఈ సంగతి మన ప్రాచీనులు వేరే మాటలలో చెప్పారు. చరకుడు ప్రమేహ కారణాలను లెక్కిస్తూ పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాల కంటే ముందు సుఖంగా కూర్చొని ఉండడాన్ని, సుఖంగా నిద్రించడాన్ని పేర్కొన్నాడు. సుశ్రుతుడు ఇంకా ముందుకు వెళ్ళాడు. ధనహీనుడైన ప్రమేహ రోగి చెప్పులు, గొడుగు లేకుండా, ఏ గ్రామంలోనూ ఒక రాత్రికి మించి ఉండక, మునివలె నూరు యోజనాలు నడవాలన్నాడు. ఆవుల వెంట తిరగమన్నాడు, బావి తవ్వమన్నాడు. యోజన ప్రమాణం విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి గానీ, ఏ లెక్కన చూసినా అది వందల కిలోమీటర్ల నడక.

పాలమూరు వారికి ఈ బావి తవ్వే చికిత్స వింతగా తోచదు. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్వి మోసినది ఈ జిల్లా కూలీలే. తాత తట్ట మోశాడు, మనుమడు హైదరాబాదులో తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంటున్నాడు. తినేది తాత తిన్న జొన్న గటక కూడా కాదు, తెల్లని సన్నబియ్యం. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. అందులో మన ఎర్రనేలల వారికి మినహాయింపు ఏమీ లేదు.

చెప్పులు విడవవద్దు

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. వైద్యవృత్తి ఆరంభించిన తొలి సంవత్సరాలలో గ్రంథవాక్యాన్ని యథాతథంగా పాటించి, రోగులను ఉదయం వట్టి పాదాలతో నేల మీద నడవమనేవాడిని. దేవరకొండ వైపు నుండి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నా మాటను తు.చ. తప్పక పాటించారు. ఆయన మధుమేహం అప్పటికి పన్నెండేళ్ళది. చెరువు కట్ట మీద సర్కారు తుమ్మ ముల్లు దిగింది. ఆయనకు తెలియలేదు. వారం తరువాత దుప్పటి మీద చీము మరక చూసి ఆయన సతీమణి గుర్తించారు. చివరకు కుడికాలి చిటికెనవేలు తీసివేయవలసి వచ్చింది. అంతకు ముందు ఆయన పాదాన్ని నేను ఒక్కసారి కూడా తాకి పరీక్షించలేదు.

దీర్ఘకాలపు మధుమేహంలో పాదాల నరాలు మొద్దుబారుతాయి. ముల్లు గుచ్చినా, రాయి కాల్చినా నొప్పి పుట్టదు. నడక ప్రారంభించే ముందు దూది పోగుతో అరికాలిని తాకించి చూడండి. స్పర్శ తెలియకపోతే వైద్యునికి చూపించిన తరువాతనే నడక మొదలుపెట్టాలి. వేళ్ళు కప్పే మెత్తని బూట్లు, నూలు మేజోళ్ళు తప్పనిసరి. బూట్లు తొడిగే ముందు తలక్రిందులు చేసి దులపండి. రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లో వారికి చూపించాలి. చెరువుగట్టు, మన్యంకొండ వంటి క్షేత్రాలకు వెళ్ళి గుట్ట ఎక్కే భక్తులకు నేను చెప్పేది ఒక్కటే. బండ వేడెక్కక ముందే ఎక్కండి, చెప్పులు విడిచిన చోట మందపు నూలు మేజోళ్ళైనా వేసుకోండి. స్వామికి అందులో అపచారమేమీ ఉండదు.

భోజనం తరువాత నడక

భోజనానంతరం కాసేపు కూర్చొని, ఆపై నూరడుగులు నడవమని సుశ్రుతుడే చెప్పాడు. దీనిని మనం అరుగుదల కోసమని మాత్రమే అనుకున్నాం. 2016లో న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు టైప్-2 మధుమేహం ఉన్నవారిపై ఒక పరీక్ష జరిపారు. రోజుకు ఒకేసారి 30 నిమిషాలు నడిచినప్పటి కంటే, మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉన్నది. రాత్రి భోజనం తరువాతనైతే ఆ తేడా 22 శాతం. మన ఇళ్ళలో అన్నం ఎక్కువగా తినేది, తిన్న వెంటనే టీవీ ముందు కూలబడేది రాత్రిపూటే కదా! కాబట్టి ఉదయం నల్లగొండ నాగార్జున కళాశాల మైదానానికో, పానగల్లు కట్టకో వెళ్ళే వీలు లేనివారు నిరాశ చెందనవసరం లేదు. వసారాలో, డాబా మీద, హాలులో నడవండి. నూరడుగులు చాలవు, పది నిమిషాలు కావాలి. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం నిండు కడుపుతో వేగంగా నడవరాదు.

ఎంత వేగంగా నడవాలి? శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని శాస్త్రం. నుదుట చెమట పోయడం, ముక్కుతో చాలక నోటితో ఊపిరి తీయవలసి రావడం దాని గుర్తులు. నేటి వైద్యుల కొలత కూడా దాదాపు అదే. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. ఈ తీరున వారానికి 150 నిమిషాలు అవసరం. ఒకరోజు చేసిన వ్యాయామ ఫలం రెండు రోజులకు మించి నిలవదు గనుక వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వరాదు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచే ఉద్యోగులను చూస్తుంటాను. మిగిలిన ఆరు రోజుల లెక్క దానితో తీరదు.

వేసవిలో మన జిల్లాలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏప్రిల్, మే నెలలలో ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. చక్కెరను మూత్రం ద్వారా పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. వారు వెంట నీళ్ళు ఉంచుకోవాలి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పరగడుపున దూరం నడిస్తే చక్కెర 70 కంటే దిగువకు పడిపోవచ్చు. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, తడబడే మాట దాని లక్షణాలు. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బి.పి. మాత్రలు గుండెదడను కప్పివేస్తాయి గానీ చెమటను ఆపవు. వెంటనే కూర్చొని మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగాలి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చాలి. నడకకు ముందే చక్కెర 90 కంటే తక్కువ ఉంటే కొంచెం తిని బయలుదేరాలి. 300 దాటి, ఒంట్లో నలతగా ఉన్న రోజున నడక మాని వైద్యుని చూడాలి. నడక వేళ తొడలో ఇన్సులిన్ వేసుకొంటే అది త్వరగా రక్తంలో కలుస్తుంది, పొట్ట మీద వేసుకోవడం మేలు.

ఫ్లోరోసిస్ ఉన్నవారు

ఈ విషయం మన ప్రాంతంలోనే విశేషంగా చెప్పవలసి ఉన్నది. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరునీటిలో ఫ్లోరైడ్ మోతాదు పరిమితిని ఎన్నో రెట్లు మించి ఉండేది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అది త్రాగదగిన నీరు కాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఇళ్ళకు శుద్ధిచేసిన నీరు వచ్చింది గానీ, అంతకు ముందు దశాబ్దాల పాటు ఎముకలలో చేరినది అలాగే ఉన్నది. నేడు యాభై, అరవై ఏళ్ళ వయస్సులో మధుమేహం సోకిన వారిలో పలువురికి మెడ తిరగదు, నడుము వంగదు.

వీరికి యోగాసనాల పుస్తకం ఇచ్చి పాదహస్తాసనం వేయమనడం ప్రమాదకరం. ఫ్లోరోసిస్‌లో వెన్నెముక చుట్టూ ఉన్న స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాముకు చోటు ఇరుకవుతుంది. బలవంతంగా వంచితే కాళ్ళు పడిపోయే అవకాశం ఉన్నది. వీరు గట్టి కుర్చీలో కూర్చొని ఒక్కొక్క మోకాలిని చాచి ఐదు లెక్కించి దించాలి. మడమలు నేలకు ఆనించి వేళ్ళను, వేళ్ళు ఆనించి మడమలను ఎత్తాలి. అర లీటరు నీళ్ళ సీసాలను రెండు చేతులతో భుజం వరకు ఎత్తి దించాలి. పూటకు పది నిమిషాలు చాలు. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మూత్రం బిగపట్టడం కనిపిస్తే వ్యాయామం ఆపి నరాల వైద్యుని సంప్రదించాలి.

కీళ్ళు బాగున్న వారు కూడా వారానికి రెండు మూడు రోజులు కండర బలం కోసం ఏదైనా చేయాలి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వెనుకకు నెట్టడం దీనికి చాలు. కంటి రెటీనాలో రక్తస్రావ లక్షణాలు ఉన్నవారు మాత్రం బరువులు ఎత్తడం, శ్వాస బిగబట్టడం, శీర్షాసనం చేయరాదు.

ఉసిరిక, పసుపు ప్రమేహానికి శ్రేష్ఠమని వాగ్భటుడు చెప్పిన మాట నిజమే, నేనూ ఇస్తాను. అంతమాత్రాన వేసుకొనే మాత్రలను గానీ, నడకను గానీ మానవలసిన పనిలేదు. చక్కెర తగ్గుతూ వస్తే మాత్రల మోతాదు తగ్గించేది వైద్యుడు, మీరు కాదు.

ఆ ఉపాధ్యాయులు ఇప్పటికీ వస్తుంటారు. పుండు మానిన తరువాత ప్రత్యేకమైన బూట్లు చేయించుకొని, బయటకు వెళ్ళక ఇంటి వసారాలోనే మూడు పూటలా నడుస్తున్నారు. వసారా ఈ కొన నుండి ఆ కొనకు పద్దెనిమిది అడుగులట. చుట్టు లెక్క తప్పకుండా ఒక గిన్నెలో నుండి మరొక గిన్నెలోకి చింతగింజ వేస్తారు. రాత్రి భోజనం తరువాత మాత్రం గింజలు వేసేది ఆయన సతీమణి. ఆమె కూడా వెంట నడుస్తున్నారు కనుక.