మార్చిన బండికి గాలి ఎంత?

తెలుగు శాఖలో పాఠములు చెప్పుకొనువారికి టైర్లలోని గాలితో ఏమి పని యని కమిటీ పెద్దలును విద్యార్థులును అనుకొనవచ్చును. మన కళాశాల షెడ్డులో నిలిచియుండు మోటారు సైకిళ్ళలో కంపెనీ నుండి వచ్చిన రూపముతో ఉన్నవి నానాటికి తగ్గుచున్నవి. హ్యాండిలు ఎత్తగుచున్నది, సీటు క్రిందికి జారుచున్నది, మడ్‌గార్డు మాయమగుచున్నది. ఇంత మార్చినవారు గాలి సంగతి మాత్రము పంక్చరు షాపు కుర్రవానికి వదలివేయుచున్నారు. మేమును ఒకప్పుడు అట్లే చేసి నష్టపడితిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నాన్నగారి పాత బుల్లెట్టును మా తమ్ముడు తన ఇష్టము చొప్పున మార్పించుకొనెను. ముందు ఫోర్కు పొడవైనది. సీటు క్రిందికి, వెనుకకు జరిగినది. టైర్ల కొలత మాత్రము మారలేదు. క్రొత్త టైర్లు వేయించిన నాడు వాడు, "భాయిజాన్, గాలి ఎంత కొట్టించమంటారు?" అని అడిగెను. మేము టైరు ప్రక్క గోడపై చూచితిమి. 280 కిలోపాస్కల్ అని యుండెను. అనగా సుమారు 41 పౌండ్లు. చదువుకొన్నవారము గదా, అచ్చులో ఉన్నదే ప్రమాణమని తలచి రెండు చక్రములకును 40 కొట్టించుమని చెప్పితిమి. వారము తిరుగక మునుపే, కర్నూలు నుండి నంద్యాల పోవు దారిలో, తొలి చినుకులకు దుమ్ము జిగటయైన చోట, అతుకుల రోడ్డుపై బ్రేకు వేయగా ముందు చక్రము ఎగిరి జారినది. తమ్మునికి కాలరు ఎముక విరిగెను. గాలి ఒక్కటియే కారణమని రుజువు చేయలేము. అయినను ఆ అంకె చెప్పినది మేమే.

మేము చేసిన తప్పు ఇది. టైరు గోడపై ఉండు పీడనపు అంకె ఆ టైరు తన గరిష్ఠ భారమును మోయునప్పుడు, చల్లగా ఉండగా, ఉండవలసిన పీడనమును చెప్పును. అది ఆ టైరు యొక్క హద్దు. ఆ టైరు ఏ బండికి ఎక్కునో దానిని చేసినవారికి తెలియదు. బండికి తగిన అంకె బండి పుస్తకములో ఉండును. మా పుస్తకములో ఒంటరిగా నడుపునప్పుడు ముందు 18, వెనుక 28 అని యున్నది. గోడపైననే 54, 57, 62 వంటి మరియొక అంకె కూడ ఉండును. అది భార సూచిక. 54 అనగా 212 కిలోలు, 62 అనగా 265 కిలోలు. దాని ప్రక్కనున్న అక్షరము వేగమునకు గుర్తు: పి అనిన గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ అనిన 180.

గాలి చేయు పని యేమి? బండి బరువును మోయునది రబ్బరు కాదు, దానిలో బంధింపబడిన గాలి. 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి టైరునకు పేటెంటు పొందినను అది మరుగున పడినది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలు కొరకు దానిని తిరిగి కల్పించెను. నేటికిని సూత్రము అదియే. చక్రముపై బరువును పీడనముతో భాగించినచో నేలను తాకు వైశాల్యము ఉరమరగా వచ్చును. మా తమ్ముడు కూర్చుండగా ముందు చక్రముపై 86 కిలోల బరువు పడినది. 18 పౌండ్లనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 1.27 కిలోలు, భాగించిన 68 చదరపు సెంటీమీటర్లు. 40 పౌండ్లనగా 2.81 కిలోలు; భాగించిన 31 చదరపు సెంటీమీటర్లు. టైరునకు స్వంత బిరుసు ఉండుట చేత లెక్క అక్షరాలా సరిపోదు గాని, భేదము అర్థమగును. తపాలా కార్డు 126 చదరపు సెంటీమీటర్లు. సగము కార్డంత పట్టుతో నిలువవలసిన చక్రము పావు కార్డుపై నిలిచినది. పైగా బిరుసెక్కిన టైరు రోడ్డు ఎగుడుదిగుడులకు లొంగక ఎగురును. ఎగిరిన క్షణమున బ్రేకు వేసిన ఫలమేమి?

తక్కువ గాలియు క్షేమము కాదు. గోడలు మాటిమాటికి మడతపడి వేడెక్కును, గుంతలో రిమ్ము వంగును, హ్యాండిలు బరువగును. స్పోకుల చక్రములో ట్యూబు రిమ్ముపై జరుగును. అప్పుడు వాల్వు నిటారుగా నిలువక ఒక ప్రక్కకు వాలును. వాలిన వాల్వును చూచినవారు ఆ దినము బండి తీయరాదు. వాల్వు మొదలు తెగిన ట్యూబు ఒక్కసారిగా ఖాళీయగును.

ఇక మార్చిన బండికి పుస్తకపు అంకె ఎట్లు పనికివచ్చును? బరువులు తూచవలెను. మేము ధాన్యపు మండీలో కాటాపై ఈ పని చేసితిమి. ఒక చక్రము కాటాపై ఉండగా రెండవ చక్రము క్రింద అంతే ఎత్తుగల పలకను ఉంచవలెను. నడుపువాడు ఎప్పటివలెనే కూర్చుండవలెను. మార్పులేని బుల్లెట్టు నొకదానిని తెచ్చి, అదే మనిషిని కూర్చుండబెట్టి తూచగా ముందు 98, వెనుక 142 కిలోలు వచ్చినవి. మా బండికి ముందు 86, వెనుక 160. మండీలోని హమాలీలు నవ్వుకొనిరి, నవ్వుకొననిండు. అటుపిమ్మట ఉన్నది త్రైరాశికమే. వెనుక చక్రమునకు 28ని 160చే గుణించి 142చే భాగించిన 31న్నర. టైరు హద్దుకు చాల లోపల ఉన్నది గనుక అంగీకరించితిమి. ముందు చక్రమునకు అదే లెక్క 16కు లోపుగా వచ్చుచున్నది. దానిని మేము పాటింపలేదు. అంత తక్కువ గాలితో గుంతల రోడ్డుపై రిమ్ము మిగులదు. బ్రేకు వేయగనే బరువు ముందుకు వచ్చును గదా. పుస్తకపు 18 వద్దనే నిలిపితిమి. లెక్క తగ్గించుమనినను పుస్తకమునకు క్రిందికి దిగరాదనియే మా మతము. టైరు కొలతనే మార్చినవారికి ఈ త్రైరాశికము చెల్లదు. వారు ఆ టైరు చేసిన కంపెనీ భారపట్టికను చూడవలెను. బండి రూపమును మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను హద్దులు విధించుచున్నదని కూడ ఈ సందర్భమున గుర్తుచేయుచున్నాము.

గాలిని ఉదయము, బండి కదలక ముందు చూడవలెను. కర్నూలు వేసవిలో ఉదయము 28 డిగ్రీలు, మధ్యాహ్నము 43 అయినచో, బండి కదలకున్నను 31 పౌండ్లు 33 దాటును. నడిచిన బండిలో ఇంకను పెరుగును. వేడి టైరులో అంకె హెచ్చినదని గాలి వదలువారు మరునాటి ఉదయము తక్కువ గాలితో బయలుదేరుదురు. అరగంట ప్రయాణము తరువాత సుమారు పదింట ఒక వంతు పెరుగుట సహజము. అంతకు మిక్కిలిగా పెరిగినచో మొదట తక్కువ కొట్టితిమని అనుభవజ్ఞులు గుర్తింతురు.

షాపులోని గేజీలు ఒకదానితో నొకటి ఏకీభవింపవు. మేము ఒక చిన్న గేజిని కొంటిమి. తమ్ముడు ఇప్పుడు దానిని తన వద్దనే ఉంచుకొనుచున్నాడు. మాకు కావలసినప్పుడు అడిగి తీసుకొనుచున్నాము.