తూకానికి పోతున్న హార్డ్ డిస్కుల్లో ఊరి జనం కాగితాలు

ప్రశ్న: తెనాలిలో పదకొండేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు మూసేస్తున్నాను. నాలుగు పాత కంప్యూటర్లు, రెండు విడి హార్డ్ డిస్కులు మిగిలాయి. జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, మార్కుల జాబితాలు వాటిలోనే స్కాన్ చేసి ఉంచేవాళ్లం. పాత ఇనుప సామాన్లు కొనే అతను కిలోల లెక్కన అడుగుతున్నాడు. అన్నీ డిలీట్ చేసి ఫార్మాట్ కూడా కొట్టానని మా అబ్బాయి అంటున్నాడు. అమ్మేస్తే రేపు నా మీదికేమైనా వస్తుందా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: రావచ్చమ్మా. అందుకని ఆ డిస్కులను ఈ వారం అమ్మకండి.

మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. కానీ డిలీట్ కొడితే పోయేది ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే, ఫైలు కాదు. అడంగల్లో పేరు కొట్టేస్తే పొలంలో పైరు మాయమవుతుందా? ఇదీ అంతే. క్షణాల్లో ముగిసే క్విక్ ఫార్మాట్ సంగతీ దాదాపు అదే. అమెరికాలో గార్‌ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 సెకండ్ హ్యాండ్ డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసినవి 129. అందులో సరిగ్గా తుడిచినవి 12. మిగతావాటిలో వేల కొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. డిస్కులు అమ్మినవాళ్లలో చాలామంది కూడా తుడిచేశామనే అనుకుని ఉంటారు.

ఇక చట్టం. సమాచార సాంకేతిక చట్టం, 2000లో 43ఎ అనే సెక్షన్ ఉంది. ఇతరుల సున్నితమైన సమాచారాన్ని తన కంప్యూటర్లో ఉంచుకున్న సంస్థ నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆ సంస్థ పరిహారం చెల్లించాలి. ‘నాది సంస్థ కాదు, చిన్న షాపు’ అంటారేమో. ఆ సెక్షన్ వివరణలో ఒక్క మనిషి సొంతంగా నడిపే వ్యాపారాన్ని కూడా కలిపారు. మీ షాపు దాని కిందికి వస్తుంది. బ్యాంకు ఖాతా వివరాలు, వేలిముద్రలు, వైద్య రికార్డులు, పాస్‌వర్డులు సున్నితమైనవని 2011 నిబంధనలు చెబుతున్నాయి. ఉత్త ఆధార్ నంబరు ఆ జాబితాలో లేదు. అయితే మీ దగ్గర పాస్‌బుక్కులు కూడా ఉన్నాయి కదా! 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కోరే ఫిర్యాదులను రాష్ట్ర ఐటీ కార్యదర్శి విచారిస్తారు.

ఆ స్కాన్లతో ఎవరైనా దొంగ ఖాతా తెరిస్తే నేరం అతనిది. అదే చట్టంలోని 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. అజాగ్రత్తగా ఉన్నంత మాత్రాన మీరు నేరస్థులు కారు. కానీ కాగితం ఎక్కడ నుంచి బయటికొచ్చిందని ఆరా తీస్తూ పోలీసులు మీ గడపకే వస్తారు. అప్పుడు డిస్కులు నాశనం చేయించిన రసీదు చేతిలో ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంటుంది.

కొత్తగా డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి అందులో ఇచ్చిన గడువు 18 నెలలు. ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని అయిపోయాక దాన్ని చెరిపేయాలన్నది ఈ చట్టంలోని ప్రధాన సూత్రాల్లో ఒకటి. భద్రతలో లోపానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు. ఆ అంకె చూసి కంగారు పడకండి, తప్పు తీవ్రతను బట్టి నిర్ణయిస్తారు. నన్ను బాధపెట్టేది వేరే సంగతి. ఆ జరిమానా అంతా ప్రభుత్వ ఖజానాకే పోతుంది, నష్టపోయిన మనిషికి ఈ చట్టం కింద పైసా రాదు. పైగా అది పూర్తిగా అమలైన రోజున పరిహారం ఇప్పించే 43ఎ రద్దవుతుంది. సామాన్యుడికి అందిన ఒక దారిని ఇలా మూసేయడం అన్యాయమని నా అభిప్రాయం.

పెద్దవాళ్లకూ ఈ తప్పు తప్పలేదు. మోర్గన్ స్టాన్లీ అనే అమెరికా ఆర్థిక సంస్థ తన పాత సర్వర్లు, డిస్కుల పనిని డేటా నాశనంలో ఏ అనుభవమూ లేని, సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. ఖాతాదారుల వివరాలు అలాగే ఉన్న డిస్కులు కొన్ని ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. సుమారు కోటిన్నర మంది సమాచారాన్ని కాపాడడంలో విఫలమైనందుకు 2022లో అక్కడి సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. తుడిచే ముందు ఏవి ఉంచాలో చూసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలి. వాటిని వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. మీ షాపులో జరిగిన పని గురించి కేసు నడుస్తున్నా, పోలీసు నోటీసు వచ్చినా ఆ డిస్కును ముట్టుకోకండి. సాక్ష్యం కాగల ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు అందకుండా నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241 కింద 3 ఏళ్ల వరకు జైలు.

ఆ తర్వాత డిస్కు ఏ రకమో చూడాలి. లోపల గుండ్రని పళ్లేలు తిరిగే పాత రకమైతే మరో కంప్యూటర్‌కు తగిలించి, ‘క్విక్’ అన్నచోట టిక్కు తీసేసి ఫార్మాట్ పెట్టండి. అప్పుడు విండోస్ మొత్తం సున్నాలు రాస్తుంది. సి, డి, ఇ అంటూ ఎన్ని భాగాలుంటే అన్నింటికీ చేయాలి. గంటలు పడుతుంది, రాత్రికి వదిలేయండి. ఇలా తుడిచిన డిస్కును మళ్లీ వాడుకోవచ్చు, పగలగొట్టక్కర్లేదు. పళ్లేలు లేని కొత్త రకం డిస్కు, అంటే ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మదగింది కాదు. అది రాసే చోట్లను తనంతట తానే మార్చుకుంటుంది కాబట్టి పాత ముక్కలు ఎక్కడో మిగిలిపోతాయి. తయారీ కంపెనీ ఇచ్చే ఎరేజ్ సాఫ్ట్‌వేర్ వాడాలి. అసలు తిరగని, చెడిపోయిన డిస్కే ఎక్కువ ప్రమాదం. మనం తుడవలేం, తెలిసినవాడు చదవగలడు. దాన్ని ముక్కలు చేయించాల్సిందే. ఇంట్లో సుత్తి పట్టకండి, కొన్నింటి పళ్లేలు గాజువి, పగిలి కళ్లలో పడతాయి. కాల్చడం అసలే వద్దు.

ముక్కలు చేయించడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్ దగ్గరికి వెళ్లండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్లందరూ ఆ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ డిస్కులో రాగి, అల్యూమినియం, నియోడిమియం అయస్కాంతం ఉంటాయి, అవి మళ్లీ పనికొస్తాయి. డిస్కులు అప్పగించే ముందు ఒక్కో దాని మీదున్న సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. నాశనం చేసినట్టు ఇచ్చే పత్రంలో అవే నంబర్లు ఉండాలి. ‘6 డిస్కులు అందాయి’ అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకండి.

ఇది చదువుతున్న షాపు ఖాతాదారులకూ ఒక మాట. స్కాన్ అయ్యాక ‘నా కాపీ తీసేయండి’ అని అక్కడే నిలబడి అడగండి, మొహమాటపడొద్దు. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని రీతిలో వేరొకరికి ఇవ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. కాగితాలతో మోసం జరిగి డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమ్మా, మీరు అడగని ఒక వస్తువు మిగిలింది, మీ జిరాక్స్ మిషను. పెద్ద డిజిటల్ మిషన్లు చాలావాటిలో హార్డ్ డిస్కు ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దె కాపియర్లను తుడవకుండా తిరిగిచ్చి, 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. మీ మిషన్లో డిస్కు ఉందో లేదో సర్వీసు చేసే అతన్ని అడగండి. ఉంటే, మిషనుకు బయానా తీసుకోకముందే దాన్ని ఊడదీయించి మిగతా ఆరింటి పక్కన పెట్టండి.