తొలి పరిశోధన పత్రం: తప్పు దొర్లకుండా రాయడం ఎలా?

2008 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ వారి ‘కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్’ పత్రిక ఒక పెద్ద మోసం కథ బయటపెట్టింది. జరిగింది మన రాయలసీమలోనే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు పి. చిరంజీవి పేరుతో 2004 నుంచి 2007 దాకా పాతిక జర్నళ్లలో వచ్చిన 70 దాకా పేపర్లు ఇతరుల పని నుంచి ఎత్తినవో, కల్పించినవో అని తేలింది. అక్కడున్న పరికరాలతో చేయడానికి వీల్లేని కొలతలు కూడా వాటిలో ఉన్నాయి. విశ్వవిద్యాలయం ఆయనను కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోకుండా, పరిపాలన పదవులు చేపట్టకుండా నిషేధించింది.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడక ముందు అక్కడున్నది ఆ తిరుపతి విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రమే. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. ఈ రెండు చోట్లా పీహెచ్‌డీలో చేరేవాళ్లలో చాలామంది తమ ఇంట్లో పరిశోధన అన్న మాట మొదటిసారి పలికినవాళ్లు. ఏది తప్పో ఎవరూ ముందుగా కూర్చోబెట్టి చెప్పరు. తప్పు జరిగాక మాత్రం అందరూ చెబుతారు. అందుకే ఈ వ్యాసం, మొదటి పేపరు ఇంకా రాయనివాళ్ల కోసం. కర్నూలు మెడికల్ కాలేజీలో థీసిస్ మొదలుపెట్టిన పీజీ డాక్టర్లకూ, నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో ప్రయోగాలు చేసే విద్యార్థులకూ ఇవే మెట్లు పనికొస్తాయి.

మొదటి మెట్టు: రీడింగు తీసిన రోజే రాసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. దొంగ పేపరు రాయాలని కూర్చుని మొదలుపెట్టేవాళ్లు తక్కువ. ఎక్కువమంది విషయంలో జరిగేది ఇది: మూడేళ్ల కిందటి రీడింగులు ఎక్కడో పోయాయి, గడువు దగ్గరపడింది, గైడు టేబుల్ అడుగుతున్నారు. అప్పుడు చెయ్యి తనంతట తానే ఒక అంకె వేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పత్తికొండ, ఆలూరు వైపు 60 బోరుబావుల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఏడాదికి మూడు కాలాల్లో కొలవాలని మీరు అంశం తీసుకున్నారనుకోండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు గరిష్ఠ పరిమితి. వానాకాలం, చలికాలం నమూనాలు దొరికాయి. మే నెలలో వెళ్తే 11 బోర్లలో నీళ్లు లేవు. టేబుల్‌లో 11 గళ్లు ఖాళీ. రెండు కాలాల సగటు తీసి ఆ గళ్లు నింపేస్తే టేబుల్ అందంగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. కానీ అది డేటా కల్పించడమే. దీన్ని మించిన తప్పు పరిశోధనలో ఇంకొకటి లేదు. ఆ గడిలో రాయాల్సింది ‘బోరు ఎండింది, నమూనా లేదు’ అని. కరువు సీమలో వేసవికి ఎన్ని బోర్లు ఎండాయన్నది దాచుకోవాల్సిన లోపం కాదు. ఆ ఊరివాళ్లకు ఫ్లోరైడ్ అంకె ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

ఇక పద్ధతి. పేజీలకు అంకెలు వేసిన, బైండు చేసిన నోట్‌బుక్ ఒకటి కొనండి. విడి కాగితాలు వద్దు. పెన్నుతో రాయండి, పెన్సిల్‌తో కాదు. తేదీ, ఊరు, బోరు గుర్తు, ఏ పరికరం, ఆ రోజు దాన్ని ఏ ప్రామాణిక ద్రావణాలతో సరిచూశారు, రీడింగు ఎంత, ఇవన్నీ అక్కడే ఎక్కాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టండి. కింద ఏముందో కనిపించాలి, వైట్నర్ వాడకండి. పరికరం ఇచ్చిన ఫైలును అలాగే ఒక ఫోల్డర్‌లో ఉంచి, లెక్కలన్నీ దాని నకలు మీద చేయండి. అసలు ఫైలు తెరిచి సవరించే అలవాటు మొదటి రోజే మానుకోవాలి. ఒక నకలు ల్యాబ్‌లో, ఒకటి మీ దగ్గర, ఒకటి గైడు దగ్గర ఉండాలి.

రాసిపెట్టినదానికి ఆయుష్షు ఎంత ఉంటుందో చూడాలంటే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలకు వెళ్లండి. 1880లలో జియలాజికల్ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫూట్ కర్నూలు గుహల్లో తవ్వించి, ఏ గుహలో ఏ పొరలో ఏ ఎముకలు దొరికాయో అచ్చులో పెట్టాడు. అక్కడ దొరికిన ఎముక పనిముట్ల గురించి ఆయన చెప్పింది నిజమా కాదా అన్న చర్చ దశాబ్దాల పాటు నడిచింది. 1970లలో మన పురావస్తు శాస్త్రవేత్తలూ, ఈ శతాబ్దంలో వచ్చిన బృందాలూ కర్నూలు గుహలకు మళ్లీ వెళ్లి తవ్వి చూడగలిగారు. ఎందుకంటే ఎక్కడ వెతకాలో ఆయన చెప్పి పోయాడు. ఆయన తీర్మానాలు సరైనవా కాదా అన్నది వేరే సంగతి. సరిచూసేందుకు దారి వదిలాడు, పరిశోధకుడికి అదే ముఖ్యం.

రెండో మెట్టు: చదివేటప్పుడే ఎవరి మాట ఎవరిదో గుర్తు పెట్టండి

కాపీ చాలాసార్లు నోట్సులోనే పుడుతుంది. ఒక పేపర్‌లోని నాలుగు వాక్యాలు మీ ఫైల్లోకి దించుకుంటారు, ఆరు నెలల తర్వాత అవి మీవే అనుకుని వాడేస్తారు. దించుకున్న ప్రతి వాక్యానికీ ఆ క్షణమే కొటేషన్ గుర్తులు పెట్టి, రచయిత పేరు, ఏడాది, పేజీ రాయండి. మీ మాటల్లో రాయాలంటే ఆ పేపరు మూసేసి రాయండి. తెరిచిపెట్టుకుని పదాలు మారిస్తే అది మీ మాట కాదు.

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే 6 నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అచ్చయిన పేపర్లకైతే వెనక్కి తీసుకోవడంతో పాటు, తీవ్రతను బట్టి అధ్యాపకుల ఇంక్రిమెంట్లు ఆపడం, రెండు మూడేళ్లు గైడుగా ఉండనివ్వకపోవడం కూడా ఉన్నాయి.

ఈ శాతాలను పట్టుకుని ‘నాకు 9 వచ్చింది, గండం గడిచింది’ అనుకోవడం పెద్ద పొరపాటు. మరొకరి ఆలోచననో, గ్రాఫునో ఎత్తి సొంత మాటల్లో పెడితే పోలిక వెతికే సాఫ్ట్‌వేర్ సున్నా చూపిస్తుంది. ఇంగ్లిష్ పుస్తకం నుంచి పేజీలు తెలుగులోకి దించి తెలుగు థీసిస్‌లో పెడితే అదీ దొరకదు. దొరకనంత మాత్రాన అది మీది కాదు. తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

శాతం తగ్గించడానికి పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. ‘కృత్రిమ మేధ’ అని ఉండాల్సిన చోట ‘నకిలీ స్పృహ’ అనే అర్థమిచ్చే మాటలు అవి పెట్టేస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్ బృందం 2021లో ఇలాంటి వింత పదబంధాలను పట్టుకునే జల్లెడ చూపించింది. అలా రాసినవి ఇప్పుడు వెతికి మరీ పట్టుకుంటున్నారు. చాట్‌జీపీటీ లాంటివి వాక్యం దిద్దుకోవడానికి వాడితే ఆ సంగతి పేపర్‌లో చెప్పండి. అది ఇచ్చిన రిఫరెన్సు ఏదీ మీరు స్వయంగా తెరిచి చదవకుండా వాడవద్దు. లేని పేపర్లను ఉన్నట్టు చూపించడం వాటికి మామూలే.

మూడో మెట్టు: బొమ్మలు, గ్రాఫులు

మైక్రోస్కోప్ ఫొటోలో వెలుతురు సరిచేయాలంటే బొమ్మ మొత్తానికి ఒకేలా చేయండి. ఒక మూల చెరపడం, ఒకే ఫొటోను తిప్పి రెండు ప్రయోగాలకు వాడడం మోసం. ఎలిజబెత్ బిక్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 20,621 పేపర్లు కళ్లతో పరిశీలించి, 3.8 శాతంలో అనుమానాస్పదమైన బొమ్మలున్నాయని 2016లో ప్రకటించారు. మీ గ్రాఫుకు నప్పని ఒక రీడింగును తీసేస్తే, ఎందుకు తీశారో రాయండి. కారణం రాయలేకపోతే తీయకండి.

నాలుగో మెట్టు: ఎవరి పేరు ఉండాలి?

మన దగ్గర అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే. హెచ్‌ఓడీ గారి పేరు పెట్టాలా? గైడు గారి స్నేహితుడి పేరు? వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. రాయడంలోనో, లోతుగా సవరించడంలోనో చెయ్యి ఉండాలి. అచ్చుకు వెళ్లే ప్రతిని చదివి ఒప్పుకుని ఉండాలి. పేపర్‌లో ఏ లోపం బయటపడినా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. ఈ నాలుగూ ఉంటేనే రచయిత. గౌరవంతో పెట్టే పేరు గౌరవం కాదు, ఆ పెద్దాయన నెత్తిన మీరు పెట్టే ప్రమాదం.

ఈ మాట పెద్దవాళ్లతో ఎలా అనాలి? పేపరు పూర్తయ్యాక అంటే గొడవే. పని మొదలైన నెలలోనే అడగండి: “సార్, ఈ జర్నల్‌వాళ్లు ఎవరు ఏ పని చేశారో విడివిడిగా రాయమంటున్నారు. ఎవరెవరి పేర్లు, ఏ వరుసలో పెట్టమంటారు?” తర్వాత ఆ నిర్ణయాన్ని ఒక మెయిల్‌లో అందరికీ పంపండి. నియమం మీది కాదు, జర్నల్‌ది. అలా అడిగితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

రచయితలు కానివాళ్లకు కృతజ్ఞతల్లో చోటివ్వండి, వాళ్ల పని ఏమిటో చెప్పి మరీ. 1900 తర్వాత కనిపించని కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఎంత వెతికినా, ఆ పిట్టను కళ్లముందుకు తెచ్చింది స్థానిక పిట్టలు పట్టేవాళ్ల తెలివే. మీకు బోరు దగ్గరికి దారి చూపిన రైతు, నల్లమలలో మొక్క పేరు చెప్పిన చెంచు పెద్ద, వీళ్ల జ్ఞానాన్ని మీ కనుగోలుగా రాసుకోవడం కూడా దొంగతనమే.

ఐదో మెట్టు: అనుమతులు ముందే

మనుషుల మీద అధ్యయనమైతే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి నమూనాకు ముందే ఉండాలి. తర్వాత తెచ్చుకోవడం కుదరదు. మందులు, చికిత్సల ట్రయల్ అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి.

ఆరో మెట్టు: జర్నల్ ఎంపిక

డబ్బు కట్టించుకుని ఏదైనా వేసేసే జర్నళ్లకు మన తెలుగు నేల పేరు పడింది, బాధాకరమే కానీ నిజం. హైదరాబాద్ నుంచి నడిచిన ఆమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా అచ్చువేయడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు వాడుకోవడం వంటివి ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు కావాలనే తప్పులతో రాసిన బూటకపు పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి.

కాబట్టి మీ మెయిల్‌కు పొగడ్తలతో ఆహ్వానం వస్తే, వారంలో అచ్చు వేస్తామంటే పక్కన పెట్టండి. జర్నల్ పాత సంచికలు తెరిచి నాలుగు పేపర్లు చదవండి. సంపాదకవర్గంలో ఒకరిద్దరి సొంత విశ్వవిద్యాలయ పేజీ చూసి, వాళ్లు ఆ జర్నల్ పేరు చెప్పుకుంటున్నారో లేదో చూడండి. జర్నళ్ల సూచిక అయిన స్కోపస్‌లో ఉందని జర్నలే చెప్పుకుంటే చాలదు, స్కోపస్ సైట్‌లోనే వెతకండి. అసలు జర్నల్ పేరుతో దొంగ వెబ్‌సైట్ నడిపేవాళ్లూ ఉన్నారు. ఏ జర్నళ్లు నమ్మదగినవో చెప్పే యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు, ఇక మంచిచెడ్డలు చూసుకోవడం మన బాధ్యత, మన సంస్థ బాధ్యత. ఇంకొక సంగతి: 2022 నాటి యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చు కావాలన్న షరతు తీసేశారు. మీ విశ్వవిద్యాలయం ఇప్పటికీ అడుగుతోందేమో కనుక్కోండి. అడగకపోతే డబ్బిచ్చి అచ్చు కొనుక్కోవాల్సిన అవసరమే లేదు.

ఒక పేపరు ఒకసారికి ఒక్క జర్నల్‌కే పంపాలి. ఒకే డేటాను ముక్కలు చేసి మూడు పేపర్లుగా వేయకండి.

ఏడో మెట్టు: తప్పు మీకే కనిపిస్తే

అచ్చయ్యాక లెక్కలో పొరపాటు దొరికిందా? సహరచయితలకు చెప్పి సంపాదకుడికి మీరే రాయండి. చిన్నదైతే సవరణ వేస్తారు, పెద్దదైతే పేపరు వెనక్కి తీసుకుంటారు. 2018లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, తమ ఫలితాలు మళ్లీ రావడం లేదని, ల్యాబ్ నోట్‌బుక్‌లో కీలక ప్రయోగాల రీడింగులు లేవని తెలిసి 2020 జనవరిలో తమ పేపరును బహిరంగంగా వెనక్కి తీసుకున్నారు. ఆమె పరువు పోలేదు.

అంకెలు మార్చమని పైనుంచి ఒత్తిడి వస్తే ఒంటరిగా పోట్లాడకండి. మాట నోటితో వచ్చినా మీ జవాబు మెయిల్‌లో ఇవ్వండి, అసలు రీడింగుల నకలు బయట భద్రపరచండి. 2018 నిబంధనల ప్రకారం ప్రతి శాఖలో, ప్రతి సంస్థలో కాపీ ఫిర్యాదులు వినే అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ ఉండాలి. మీ దగ్గర ఆ సభ్యులెవరో చేరిన మొదటి నెలలోనే తెలుసుకోండి.

గైడులకూ ఒక విన్నపం. వారానికి ఒక్కసారి విద్యార్థి నోట్‌బుక్ తెరిపించి, ఆ వారం రీడింగుల కింద తేదీతో సంతకం పెట్టండి. ప్రయోగం కుదరలేదని, నమూనా దొరకలేదని చెప్పినప్పుడు కోప్పడకుండా వినండి. నిజం చెప్పినందుకు తిట్లు తిన్న విద్యార్థి రెండోసారి మీకు మీరడిగిన అంకే తెచ్చిస్తాడు.