డిప్రెషన్ అని రాశారు, మరి డాక్టరును అడగవచ్చా?

“నాకు నిజంగా డిప్రెషనేనా? ఈ గోళీలు ఎన్నాళ్ళు?” జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుండి వచ్చే కుటుంబాలు మమ్మల్ని ఇలా అడుగుతుంటాయి. అడగడం తప్పు కాదు. జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, మందుల దుష్ఫలితాలు ఏమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది.

డిప్రెషన్‌ను తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. కనీసం రెండు వారాలు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడటం వంటివి విని డాక్టరు నిర్ణయిస్తారు. కాబట్టి మీరు చెప్పే మాటే ముఖ్యం. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాంటి నీరసమే వస్తుంది. ఆ పరీక్షలు కావాలా అని అడగండి. ఎప్పుడైనా కొన్ని రోజులు నిద్ర లేకున్నా అలసట తెలియక, విపరీతమైన హుషారుతో చేతికందినంత ఖర్చు చేశారా? అది తప్పక చెప్పండి. బైపోలార్ జబ్బు అయితే డిప్రెషన్ గోళీలు మాత్రమే వాడితే ఆ ఉద్రేకం మళ్ళీ పైకి లేవవచ్చు. తాగుడు సంగతి కూడా దాచవద్దు.

ఇక గోళీలు. ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి నొప్పి గోళీలాగా గంటలో పనిచేయవు. గుణం కనబడటానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. భార్యాభర్తల మధ్య కోరిక తగ్గడం మరో ఇబ్బంది. సిగ్గుపడి చెప్పరు, చెప్పకుండానే మందు ఆపేస్తారు! చెబితే మోతాదో మందో మార్చవచ్చు. 25 ఏళ్ళలోపువారికి మొదటి వారాల్లో అశాంతి, చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండి, అలా అనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఒక్కసారిగా మానితే తల తిరుగుతుంది, తలలో కరెంటు తగిలినట్టు జిల్లుమంటుంది, చిరాకు వస్తుంది. “అలవాటు పడిపోయాం” అని కొందరు భయపడతారు. ఇది తాగుడులాంటి వ్యసనం కాదు, కానీ బాధ మాత్రం నిజమే. బాగయ్యాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడమంటారు. ఆ తరువాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా, వారాల మీదో నెలల మీదో తగ్గించుకోవాలి.

అనుమానం తీరకపోతే మరో మానసిక వైద్యునికి చూపించుకోండి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, గోళీల అట్టలు వెంట తీసుకుపోండి. టెలి మానస్ నెంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.