పోలియో తరువాత నడక: రెండు వయసులు, రెండు పాఠములు



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన సంఘాలలో, చిన్ననాడు పోలియో సోకి ఎంతో కష్టపడి నడక నేర్చుకొన్న పెద్దలున్నారు. వారిలో కొందరు, "ఇన్నేళ్ళూ బాగానే నడిచాను, ఇప్పుడు కాలు మాట వినడం లేదు" అంటున్నారు. "బద్ధకించకండి, ఇంకా నడవండి" అని మనము సలహా ఇస్తున్నాము. ఈ సలహా సరియైనదేనా?

1. ఆనాడు జరిగినదేమి?

పోలియో క్రిమి నోటి ద్వారా ప్రేగులలో ప్రవేశిస్తుంది. సోకినవారిలో చాలామందికి ఏమీ కాదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రము వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలు దెబ్బతిని, కాలో చెయ్యో చచ్చుబడుతుంది. చచ్చిన కణము మళ్ళీ పుట్టదు. అయితే మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండరాలను చేరదీస్తాయి. తల్లిలేని పిల్లలను పొరుగింటి తల్లి సాకినట్లన్న మాట. ఇందులో ఎక్కువ భాగము మొదటి ఆరు నెలలలోనే జరుగుతుంది. ఆ తరువాత కీళ్ళు బిగిసిపోకుండా రోజూ చేయించే వ్యాయామము, కాలిపర్లు, అవసరమైతే ఆపరేషను బిడ్డను నిలబెడతాయి. ఆ వయసులో సాధనయే మందు.

2. మనకు దగ్గరలోని మాదిరి

బెంగుళూరు నుండి చెన్నైకి పోయే దారిలో వేలూరు ఉన్నది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్‌గారికి 1954లో కారు ప్రమాదములో నడుము క్రింది భాగము చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ ప్రారంభమైన పునరావాస కేంద్రము ఆమె కృషి ఫలమే. ఆమెకు నడక తిరిగి రాలేదు, పని ఆగలేదు. ఊతము తీసుకొనుట ఓటమి కాదని దీనివలన నేర్చుకొందము.

3. ఇప్పుడు జరుగుచున్నదేమి?

పొరుగు బిడ్డలను కూడా సాకిన ఆ కణాలు ఎన్నో ఏండ్ల తరువాత అలసిపోతాయి. కొత్తగా నీరసము, నొప్పి, విపరీతమైన అలసట, చలికి తాళలేకపోవుట కనబడతాయి. దీనిని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు, బద్ధకమూ కాదు. ఈ వయసులో బలము దాచుకొనుటయే మందు. వ్యాయామము వైద్యుని సలహాతో, అలసట రాకముందే ఆపునట్లు చేయవలెను. వదలివేసిన కాలిపరు, చేతికర్ర మళ్ళీ పట్టవలసి వస్తే సిగ్గుపడనక్కరలేదు.

మరియొక సంగతి గమనించండి. మన దేశములో సహజ పోలియో క్రిమి వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో రహితమని ప్రకటించారు. కనుక యువ వైద్యులలో అనేకులు పోలియో రోగిని చూచియుండకపోవచ్చును. చిన్ననాటి జబ్బు సంగతి మనమే ముందుగా చెప్పవలెను. ఆపరేషనుకు మత్తు ఇచ్చే ముందు తప్పక చెప్పవలెను.

ఆలోచించవలసిన ప్రశ్నలు:

1. మన కూడికలలో అందరినీ నిలువమన్నప్పుడు, నిలువలేనివారు సంకోచము లేకుండా కూర్చుండగలుగుచున్నారా?

2. మన మందిరము మెట్లు ఎక్కలేక రావడము మానుకొన్నవారు ఎవరు? ఈ వారము వారి ఇంటికి వెళ్ళేది ఎవరు?