ఇంటికి తగిన ఆసనం

తెలుగు వాడుకలో ‘కుర్చీ’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి కూర్చునే వస్తువు, రెండవది పదవి. ‘కుర్చీ కోసం కొట్లాట’ అన్నప్పుడు ఎవరికీ కొయ్య సామాను గుర్తుకు రాదు. అరబ్బీ భాషలోని ‘కుర్సీ’ పారశీకం, ఉర్దూల మీదుగా మనకు కుర్చీ అయింది. ‘కూర్చుండు’ అనే తెలుగు క్రియతో దానికి చుట్టరికం లేదు. వినికిడిలోని దగ్గరితనం వల్ల పరాయి పదంగా తోచదంతే. అంతకు పూర్వం మనకు ఆసనాలు లేవని కాదు. పీట, గద్దె, బల్ల ఉండేవి. అమరావతి శిల్పులు కొన్ని ఫలకాలపై బుద్ధుని రూపానికి బదులు శూన్య సింహాసనాన్ని చెక్కారు. ఆసనాన్ని చూసి ఆసీనుని గుర్తించే అలవాటు అంత పాతది.

సామాన్యుల ఇళ్ళలోకి మాత్రం కుర్చీ ఆలస్యంగా వచ్చింది. ఏలూరుకు దగ్గరలోని పెదపాడు వంటి డెల్టా గ్రామాల పాత పెంకుటిళ్ళలో వచ్చినవారికి అరుగు, ఇంట్లోవారికి తుంగచాప, భోజనానికి పీట సరిపోయేవి. తరువాత టేకు కుర్చీ వసారాలోకి చేరింది. తొలిరోజుల్లో దానిపై కూర్చునే అర్హత ఇంటి యజమానికీ, వచ్చిన అధికారికీ మాత్రమే, మిగిలినవారు నిలబడేవారు. పదవికి కుర్చీ అని పేరు రావడంలో వింత లేదు.

అటువంటి ఇల్లు ఒకటి కొత్తదనం కోరుకున్నదని ఊహించవచ్చు. గోడలకు లేతరంగు వేశారు. కిటికీలకు కొత్త తెరలు కట్టారు. పట్నంలోని దుకాణం నుండి మెత్తని సోఫా తెచ్చి హాలులో వేశారు. పేముతో అల్లిన పాత చేతుల కుర్చీ పశువులశాలకు చేరింది. చూడవచ్చినవారందరూ ఇంటిని మెచ్చుకున్నారు. కాని డెబ్బై ఏళ్ళు దాటిన ఆ ఇంటి పెద్దాయన సోఫాలో ఒక్కసారే కూర్చున్నాడు. లేవడానికి మనుమడు చేయి అందించవలసి వచ్చింది. అది మొదలు ఆయన కాలక్షేపం వీధి అరుగు మీదనే. ఎవరూ ఆయనను పొమ్మనలేదు, ఆసనమే పొమ్మన్నది.

తప్పు సోఫాది కాదు, కొలతది. కూర్చున్నప్పుడు పాదాలు నేలను పూర్తిగా తాకాలి; మోకాళ్ళు తుంటి కంటె పైకి లేవకూడదు. సాధారణంగా 16 నుండి 18 అంగుళాల ఎత్తు పెద్దలకు అనుకూలం. ఆసనపు అంచుకూ మోకాలి వెనుక వంపుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. పల్లంగా, లోపలికి కుంగిపోయే మెత్తలో నుండి లేవాలంటే దేహభారమంతా మోకాళ్ళమీద పడుతుంది. గట్టి చేతులున్న కుర్చీలో ఆ భారాన్ని అరచేతులు పంచుకుంటాయి. పడక కుర్చీ విశ్రాంతికి హాయి అయినా, వయసు మళ్ళినవారు లేవడానికి అదీ కష్టమే. అందుచేత కుర్చీని చూసి కాక, కూర్చుని, లేచి కొనాలి.

కొలత తరువాత వాతావరణం. కొల్లేటి సీమ గాలిలో తేమ ఎక్కువ. రెక్సిన్ కప్పిన స్పాంజి మీద వేసవిలో వీపు చెమటతో అంటుకుంటుంది. పేము అల్లికలోని కన్నాల గుండా గాలి ఆడుతుంది. రంపపు పొట్టును అదిమి చేసిన పలకలు తేమకు ఉబ్బుతాయి. మంచి టేకు చేవ చెదలను చాలాకాలం తట్టుకుంటుంది. అలంకరణలోనూ ఇదే విచక్షణ అవసరం. ఏలూరు ఉన్ని తివాచీలు దేశాంతరాలకు ఎగుమతి అయి పేరు తెచ్చుకున్నాయి. పారశీకం నుండి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళ వారసత్వంగా ఆ విద్య ఏలూరులో నిలిచింది. అయినా ఉన్ని తివాచీ చలిదేశపు గదికి కుదిరినట్లు పెదపాడు మే నెలకు కుదరదు. గోడకు వేలాడదీస్తే దాని రంగుల పొందిక కనిపిస్తుంది. నేలకు నూలు జంఖానా చాలు.

ఆ ఇంటివారికి ఈ సంగతి చెప్పినవాడు ఒక వడ్రంగి అనుకోవచ్చు. తలుపు సరిచేయడానికి వచ్చినవాడు పశువులశాలలో కుర్చీని చూశాడు. తెగిన పేము తీసి కొత్తది అల్లించాడు. వదులైన కీళ్ళు బిగించి, కాళ్ళు నునుపు చేసి, పాలిష్ పెట్టాడు. సోఫా కాళ్ళ కింద కూడా చిన్న దిమ్మలు వేసి ఎత్తు పెంచాడు. పాత కుర్చీని కొత్త రంగు గోడ పక్కన, కిటికీ వెలుతురు పడేచోట వేశారు. మరునాటి ఉదయం పెద్దాయన వార్తాపత్రిక పట్టుకుని అరుగు మీది నుండి లోపలికి వచ్చాడు.